లినార్దోస్‌లందరికీ ఒకే పడక

గ్రీసు దీవి సీరోస్ రేవులో ఓడ టిక్కెట్ల కిటికీ వెనక ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి ఎవాంథియా. శీతాకాలంలో గాలి ముదిరి ఓడలు ఆపేసిన రోజుల్లో ఎలాగూ జనం రారు కనుక, కూర్చుని జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంది. ఓడలో ఎవరికి ఏ పడకో చూపించే ప్రోగ్రామ్ తనే రాసింది. యజమాని లెయోనిదాస్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"సాయంత్రం ఓడకల్లా ఇది పని చెయ్యాలమ్మాయ్. లేదంటే ఏథెన్స్ కంపెనీ వాళ్ల ప్రోగ్రామ్ కొనేస్తా. నువ్వు మళ్లీ కిటికీ దగ్గరికే!"

ఆ కిటికీ మాటెత్తితేనే ఆమెకు ఒళ్లు మంట.

ఆ పొద్దున్నే లినార్దోస్ ఫ్రెరిస్ అనే ప్రయాణికుడు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "నా పడక మా బాబాయి కొడుక్కిచ్చేశారేంటి?"

"ఆయన పేరూ అదేగా!"

"మా తాత పేరు! మా ఇంట్లో మగపిల్లాడికి ఇంకేం పెడతారు? నువ్వీ ఊరి పిల్లవి కాదూ?"

ఈ ఊరి పిల్లే. తాత పేరే మనవళ్లందరికీ పెడతారని ఆమెకూ తెలుసు. తెలిసి తెలిసీ చేసిన బుద్ధితక్కువ పని అది. ప్రోగ్రామ్‌లో ఆబ్జెక్ట్ అనే ఖాళీ పట్టీ ఒకటి తెరిచి, పేరును కీ, అంటే వెతికే గుర్తు చేసి, దానికి పడక నంబరు జత చేసింది. ఒక కీకి ఒకటే విలువ. అదే పేరుతో రెండోవాడొస్తే మొదటివాడి పడక గల్లంతు.

సరే, తండ్రి పేరూ పుట్టిన తేదీ కలిపి, మనిషి వివరాల మూటనే కీగా పెట్టింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. తీరా నడిపి చూస్తే ఓడ మొత్తానికి ఒకే ప్రయాణికుడు మిగిలాడు! ఆబ్జెక్ట్ మూట విప్పి చూడదు. ఏ మూట ఇచ్చినా అన్నిటికీ ఒకే పేరు తగిలిస్తుంది. ఎవాంథియా తల పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆబ్జెక్ట్ తీసేసి మ్యాప్ అనే ఇంకో రకం పట్టీ పెట్టింది. మ్యాప్ మూటల్ని కూడా కీలుగా ఒప్పుకుంటుంది. అందరూ తెరమీదికొచ్చారు.

"ఏదీ, ఆ కోపిష్టి లినార్దోస్‌ని వెతుకు," అన్నాడు లెయోనిదాస్.

వివరాలు కొట్టింది. అలాంటివాడు లేడంది మ్యాప్. అక్షరం పొల్లుపోకపోయినా సరే, దానికి కావలసింది మొదట పెట్టిన మూటే. అవే వివరాలతో కొత్తగా కట్టింది దానికి పరాయిదే.

"దీని దుంప తెగ!" ఎవాంథియా బల్ల గుద్దింది.

"నీవల్ల కాదులే."

"కాసేపు నోరు మూసుకుంటారా మీరు?"

చివరికి టిక్కెట్టు నంబరును కీ చేసింది. ఏ రెండు టిక్కెట్లకీ ఒకే నంబరుండదు. ఇంత చిన్న సంగతికి ఇంత యాతనా అని తనమీద తనకే చిరాకేసింది. కానీ తెరమీద లినార్దోస్‌లంతా ఎవరి పడకలో వాళ్లున్నారు. ఓడ ఇంకా రాలేదు.

"భేష్! ఏథెన్స్ వాళ్లది వచ్చేదాకా దీంతో నెట్టుకొద్దాం," అన్నాడు లెయోనిదాస్.

"వాళ్లది రావడమేంటి?"

"నిన్ననే మాట్లాడేశాగా. పై వారం పెడతారు."

"మరి పొద్దుట్నించీ నన్నెందుకు చంపుకు తిన్నారు?"

"ఈలోగా పని ఆగకూడదు కదమ్మా!"

ఆమెకు ఏడుపొచ్చింది. అతని ముందు మాత్రం ఏడవదలచుకోలేదు. బయట ఓడ కూత వేసింది, జనం కిటికీ అద్దం మీద కొడుతున్నారు. ఎవాంథియా కోటు తొడుక్కుని, కిటికీ దగ్గరి కుర్చీని అతనివైపు తోసింది.

"అయితే ఆ ఏథెన్స్ వాళ్లొచ్చేదాకా మీరే కూర్చోండి," అని తలుపు తీసుకుని వెళ్లిపోయింది.