అక్కతో కొండెక్కిన రోజు

మాది రాజోలు దగ్గర పల్లె. ఏటిగట్టు కన్నా ఎత్తయిన నేల మా ఊళ్ళో లేదు. నేను మొదటిసారి కొండెక్కింది డెబ్బైల చివర్లో, విశాఖపట్నంలో, మా అక్క కోసం.

అక్కను విశాఖలో గుమాస్తాగా పనిచేసే బావగారికిచ్చారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన కొడుకు మూడో ఏట జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అక్క ఏడవలేదు. వంట చేసేది, బట్టలు ఉతికేది, ఏదైనా అడిగితే "ఆయ్" అనేది. అంతకు మించి మాట లేదు. మా ఊరి చర్చిలో చిన్నప్పటినుంచీ పాట ఎత్తుకునే మనిషి, విశాఖ చర్చిలో అందరూ పాడుతుంటే పెదవులు బిగించి నిలబడేది. డాక్టరు మందులు రాసిచ్చి, నాలుగు చోట్లకూ తిప్పమన్నాడు. నేను టీచరు ట్రైనింగు ముగించి ఇంట్లో ఖాళీగా ఉన్నానని నాన్నగారు నన్ను తోడు పంపారు.

క్రిస్మస్ దాటాక ఒక సెలవురోజు పొద్దున్నే బావగారు బయల్దేరదీశారు. ఊరి చివర ఇళ్ళు ఆగిపోయే చోట కొండ మొదలవుతుంది. మేకలు నడిచిన దారి తప్ప వేరే దారి లేదు.

"పైన గాలి బాగుంటుందే. అక్కడ కాసేపు కూర్చుంటే గుండెల మీద బరువు దిగిపోతుంది, చూడు" అన్నారు బావగారు అక్కతో.

"ఆయ్" అంది అక్క.

నాకు సగం దారికే కాళ్ళు పీకాయి. చదునైన నేల మీద పెరిగిన కాళ్ళాయె. అక్క మాత్రం మా ఇద్దర్నీ దాటి ముందుకెళ్ళింది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ముళ్ళకంపల్ని చేత్తో నెట్టుకుంటూ ఎక్కుతోంది. ఒకచోట జారి, మోచెయ్యి గీరుకుపోయినా ఆగలేదు.

"చూసేవామ్మా మీ అక్కని? మళ్ళీ మనిషయ్యింది" అన్నారు బావగారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనా ఇంట అడుగుపెట్టాక చూడలేదు. నాక్కూడా ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాయబోయే ఉత్తరంలో మొదటి మాట ఇదేననుకున్నాను.

మేం పైకి చేరేసరికి అక్క ఒక బండ దగ్గర నిలబడి ఉంది. ఒకవైపు ఊరంతా, మరోవైపు సముద్రం. తను రెండూ చూడటం లేదు. తల ఎత్తి చూస్తోంది.

"ఇంకా పైకి లేదాండీ?" అంది.

"ఇంతేనే. వచ్చేశాం కదా."

"ఎక్కితే బరువు దిగిపోతుందన్నారు కదండీ." పిల్లలు అడిగినట్టు అడిగింది. "దిగలేదండీ."

బావగారు ఆ బండ మీదే కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మగవాడు అలా ఏడవటం నేనెప్పుడూ చూడలేదు. అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీండి. మీరేం చేస్తారు?" అంది. ఆయన్ని ఓదార్చింది గాని, తను మాత్రం కన్నీరు పెట్టలేదు.

తెచ్చుకున్న పెరుగన్నం ఎవరికీ దిగలేదు. దిగేటప్పుడు అక్క చెయ్యి నేను పట్టుకున్నాను. ఎక్కేటప్పుడున్న సత్తువ ఏమైపోయిందో, అడుగడుగునా నా మీద వాలిపోయింది.

బావగారు ఆమెను మళ్ళీ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. డాక్టర్ని మార్చారు, ప్రార్థనలు చేయించారు. ఎనభైలు మొదలయ్యాక ఒక వానాకాలం అక్కకు మామూలు జ్వరమే వచ్చింది. మందులు నోట్లో వేస్తే మింగేది, అన్నం పెడితే తినేది, దేనికీ కాదనలేదు. అయినా నిలవలేదు. సమాధి దగ్గర బావగారు నా పక్కకొచ్చి, "ఆ రోజు కొండ మీద నేను ఇంకేదైనా చెప్పాల్సిందామ్మా?" అని అడిగారు.

ఆ మాట కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.