విజిలమ్మకు కావలసింది

సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఆవిణ్ణి వీధిలో అందరూ విజిలమ్మ అనే పిలిచేవారు. ఆవిడ గొంతు విజిలుకేమీ తీసిపోదు. రెండో అంతస్తులోని చిన్న వాటాలో చెల్లెలితో కలిసి ఉండేది. చెల్లెలు ఇంట్లోనే కుట్టుపని చేసేది. బాత్రూములో జారిపడి తుంటి విరిగేదాకా విజిలమ్మ ఎవరినీ మంచినీళ్లు కూడా అడిగి ఎరగదు.

ఆపరేషనయ్యాక సంక్షేమ కార్యాలయం వాళ్లు రావడం మొదలైంది. మొదట వచ్చినమ్మాయి కుర్చీలో సరిగా కూర్చోకుండానే ప్రశ్నలు అందుకుంది.

"సొంతంగా స్నానం చేయగలరా? వంట? బట్టలు వేసుకోవడం?"

"లేదు. లేదు. సగం," అంది విజిలమ్మ.

వారం తిరక్కుండా బాత్రూములోకి స్టూలొచ్చింది, గోడకి పట్టుకునే కమ్మీ వచ్చింది, రోజూ పొద్దున్నే స్నానం చేయించడానికి ఒక సహాయకురాలు వచ్చింది. మంచి మనిషే. కానీ సబ్బు చేతికి దొరికితే వదిలేది కాదు.

"ఏమ్మా, నేను మనిషినా, మాడిన గిన్నెనా?"

"గంట టైమిచ్చారండీ. గంటా చెయ్యాలి."

తర్వాత ఒక ఆఫీసరు వచ్చాడు. అవే ప్రశ్నలు, అదే వరస. విజిలమ్మకు ఒళ్లు మండింది. "బాబూ, చింపిన టికెట్టే మళ్లీ చింపుతున్నావు. కొత్తదేదైనా అడుగు."

"ఇంట్లో తోచడం లేదా అమ్మా? పెద్దవాళ్లకో కేంద్రం ఉంది. పగలంతా బొమ్మలకు రంగులేయిస్తారు."

"చిన్నప్పుడే నాకు బొమ్మలంటే చిరాకు. ఇప్పుడు పుట్టుకొస్తుందా సరదా?"

అతను వెళ్లాక చెల్లెలు తల పట్టుకుంది. "సాయం చేస్తామని వచ్చినవాళ్లను అలా తరిమేస్తావేంటక్కా?"

"సాయమా అది? వాళ్ల దగ్గర ఏముంటే అది నాకంటగడుతున్నారు!"

అతను బదిలీ అయ్యాక నడివయసు ఆఫీసరమ్మ ఒకామె వచ్చింది. ఆమె నోరు తెరవకముందే విజిలమ్మ మొదలెట్టింది. "స్నానం చేయలేను, వంట చేయలేను, బట్టలు సగం. రాసుకుని వెళ్లు తల్లీ."

ఆమె నొచ్చుకోలేదు. "అవన్నీ ఫైల్లో ఉన్నాయండీ. పడకముందు, వారంలో మీకు ఇష్టమైన రోజేది?"

విజిలమ్మ గొంతు తగ్గింది. అక్క గొంతు తగ్గడం ఎన్నడూ ఎరగని చెల్లెలికి భయమేసింది.

"గురువారం," అంది. "ఊరికి ఆ చివర నా స్నేహితురాలుంది. హాస్పిటల్లో వంట చేసేది. మోకాళ్లు పోయి గడప దాటలేదు. నేనే వెళ్లి దాంతో పేకాడేదాన్ని. అది దొంగాట ఆడుతుంది. పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్లో పోట్లాడదామంటే, సమాధానం తోచకపోతే పెట్టేస్తుంది దొంగమొహంది."

"అయితే మీకు కావలసింది..."

"దాని మొహమ్మీదే దాన్ని తిట్టాలి. తళతళలాడుతూ ఇంట్లో కూర్చోవడం కాదు."

చెల్లెలికి చిర్రెత్తుకొచ్చింది. "మళ్లీ పడితే ఎవరు చేస్తారు? పేకాట కోసం ఇంత రాద్ధాంతమా?"

"పడకుండా వెళ్లాలంటే ఏం కావాలో చూద్దామండీ," అంది ఆఫీసరమ్మ. "మెట్లూ బస్సూ, ఆ రెండే కదా అడ్డం."

ఆ రెండే అందరి ప్రాణాలూ తోడేశాయి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు అని ఫిజియో నేర్పితే, విజిలమ్మ కచ్చితంగా తప్పు కాలే ముందు వేసి అతని మీద అరిచేది. స్టూలు మీద కూర్చుని స్నానం తనే చేసుకోవడం మొదలెట్టింది. నీళ్లు వంటింటిదాకా వచ్చేవి. చెల్లెలు తుడుస్తూ సణిగేది. ఇక సహాయకురాలి స్నానం గంటల్లో కొన్ని గురువారం ప్రయాణానికి మార్చమంటే పై అధికారి ససేమిరా అన్నాడు. స్నానానికిచ్చిన సమయం పేకాటకెలా వాడతారని ఆయన వాదన. ఆఫీసరమ్మ తిరిగి తిరిగి, ఆయన్ని విసిగించి ఒప్పించింది.

తీరా మొదటి గురువారం బస్సు మెట్టు అందలేదు. సహాయకురాలు వెనక నుంచి ఎత్తబోయింది. లోపలివాళ్లు "త్వరగా, త్వరగా" అన్నారు. ఆ మాట తను ఎంతమందిని అందో విజిలమ్మకు తెలుసు. "పోనీ," అని డ్రైవరుకు చెయ్యూపి వెనక్కి తిరిగింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మెట్టు ఎత్తు తక్కువున్న బస్సు పక్క రోడ్డులో వెళ్తుందని ఆఫీసరమ్మ కనుక్కుని చెప్పింది. అక్కడిదాకా నడవాలి. తర్వాతి గురువారం వాకరు పట్టుకుని, దారిలో కనిపించిన ప్రతి అరుగు మీదా కూలబడి, తిట్టుకుంటూ వెళ్లింది. ఎక్కింది.

స్నేహితురాలు తలుపు తీసి, "బతికే ఉన్నావా?" అంది.

"ఫోను పెట్టేయకుండా ఉంటే తెలిసేదిగా!"

పేక పంచిన కాసేపటికే గొంతులు లేచాయి. సహాయకురాలు బెదిరిపోయి, "ఇంటికెళ్దామా మేడమ్?" అంది.

"కూర్చో. ఇంకా మొదలే కాలేదు."

తుంటి నొప్పి పూర్తిగా తగ్గలేదు. వాన పడితే ప్రయాణం లేదు, ఆ రోజు ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు. మిగతా గురువారాల్లో విజిలమ్మ వెళ్తూనే ఉంది, ఎక్కువగా ఓడిపోతూనే ఉంది. పేకాట కూడా ఒక అవసరమేనని చెల్లెలు ఈనాటికీ ఒప్పుకోదు. కానీ అక్క మెట్లు దిగిన చప్పుడు ఆగగానే కుట్టు మిషను ఆపి, కిటికీ తెరిచి, మంచం మీద హాయిగా వాలుతుంది. ఎవరైనా అడిగితే నడుం నొప్పి అంటుంది.