పొట్లపాదుని తిట్టిన పంతులమ్మ

నిన్న ఫోన్లో అడిగావు కదే అమ్మడూ, "అమ్మమ్మా, చెట్లకి తెలివి ఉంటుందా?" అని. వెనకనించి మీ తమ్ముడేమో "ఉండదు, వాటికి బుర్రెక్కడుంది?" అని అరుస్తున్నాడు. (బుర్ర ఉన్నవాళ్ళందరికీ తెలివి ఉన్నట్టు!) పప్పు మాడిపోతోందని ఫోను పెట్టేశాను గానీ, నిజం చెప్పొద్దూ, జవాబు తెలీక పెట్టేశాను. మా రోజుల్లో అది అసలు ప్రశ్నే కాదు. పొద్దుగూకాక కరివేపాకు రెబ్బ తుంచబోతే "చెట్టు నిద్రపోతోంది, చెయ్యి తియ్యి" అని చేతిమీద ఒకటి వేసేవారు. కాయని పాదుకి పాత చెప్పూ, చీపురుకట్టా కట్టి సిగ్గు తెప్పించేవారు. సిగ్గుపడాలంటే ముందు బుద్ధంటూ ఉండాలి కదా, కాబట్టి ఉందనే అందరి నమ్మకం. దాని గురించి కూర్చుని ఆలోచించాల్సిన ఖర్మ నాకొక్కదానికే పట్టింది, అదీ నా ఉద్యోగం ఊడేదాకా వచ్చాక.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. హనుమాన్ జంక్షన్‌లో మీ ముత్తాతకి చేనేత బట్టల కొట్టుండేది. నేను మాటలు నేర్చుకున్నదే ఆ కొట్లో చాపమీద. "రండమ్మా, కూర్చోండమ్మా, ఇదిగో ఈ అంచు చూడండమ్మా." వచ్చినావిడ బీరువాలో చీరలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా కొంగు దులుపుకుని లేచినా సరే, "మళ్ళీ రండమ్మా" అని నవ్వుతూ పంపాలి. నోట్లోంచి పొల్లుమాట వచ్చిందా, నాన్న కళ్ళతోనే ఉరిమేవాడు. అలా పెరిగినదాన్ని బీఎస్సీ చదివి, పటమటలో ఒక ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, ఇప్పటికీ ఫోన్లో "లైనుందా అమ్మమ్మా?" అని అడుగుతుంటారు. అప్పుడు ఇంకా సన్నం. ఎనిమిదో తరగతిలో నలభైమంది పిల్లలు కాకిగోల చేస్తుంటే నేను బోర్డు దగ్గర నిలబడి "కొంచెం నెమ్మదండీ" అనేదాన్ని. పిల్లల్ని అండీ అనే టీచరు దొరికితే ఏ పిల్లలు వదులుతారు?

ఒకరోజు హెడ్మిస్ట్రెస్ గారు పిలిపించారు. తెల్లచీర, నల్లగొడుగు, ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే మిగతావాళ్ళు ఆగి వినేవారట, అంత కంఠం. "అమ్మా, మీ పాఠం బావుంటుందని మొదటి బెంచీ వాళ్ళు చెప్పారు. రెండో బెంచీ వాళ్ళకి మీరు పాఠం చెబుతున్నట్టే తెలీదు," అన్నారు. దసరా సెలవులకి ముందు తనే వచ్చి క్లాసులో కూర్చుంటానన్నారు. అప్పటికీ క్లాసు అదుపులోకి రాకపోతే ఆ ఉద్యోగానికి ఇంకొకర్ని చూసుకుంటారట. ఇంకొకర్ని చూసుకుంటే నేను వెళ్ళాల్సింది ఎక్కడికి? మళ్ళీ చాపమీదికి, చీరలు మడతపెట్టడానికి. చీరలంటే ఇష్టమే గానీ, జీవితమంతా ఇతరులు విప్పినవి మడతపెడుతూ కూర్చోవడం నాకిష్టం లేదు.

నేనున్న వాటా ఒక పిన్నిగారిది. చుట్టమేం కాదు, అద్దెకి దిగిన రోజునించీ పిన్నిగారే. వీధివాళ్ళు చాటుగా మైకు పిన్ని అనేవారు. ఆవిడ గుమ్మంలో వంకాయలు బేరమాడితే పక్కవీధి వాళ్ళు కూడా ధర విని సంచులు పట్టుకొచ్చేవారు. ఆ పెరట్లో పందిరినిండా పొట్లపాదు. పూత విరగబూసేది, మొత్తం రాలిపోయేది. మొలతాళ్ళు కట్టి, రాళ్ళు వేలాడదీసి కాయల్ని నిటారుగా సాగదీద్దామని గులకరాళ్ళు కూడా ఏరి పెట్టుకుందావిడ. రాళ్ళున్నాయి, కాయల్లేవు.

"దీనికి తిట్లు పడాలే పంతులమ్మా," అందొకరోజు.

"తిట్టండి పిన్నిగారూ, మీకేం తక్కువ?"

"నేను తిడితే దానికి లెక్కేంటి? మొలకప్పట్నుంచీ నా నోరు వింటూ పెరిగింది. మీ బాబాయిగారిలాగే దానికీ అలవాటైపోయింది. పరాయివాళ్ళు తిడితేనే సిగ్గొస్తుంది. ఈ ఇంట్లో పరాయిదానివి నువ్వొక్కదానివేగా!"

(వాటా ఇచ్చిన రోజు "నువ్వు మా ఇంటి పిల్లవే" అన్నదీ ఈవిడే.)

సరే, నాకూ గొంతు పెగులుతుందని ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే లేచేసరికి పందిరికి చెప్పు కట్టేసి ఉంది. పాత చెప్పు కట్టాలి కదా, ఆవిడకి నావన్నీ పాతవిగానే కనిపించాయేమో, నేను స్కూలుకి వేసుకెళ్ళే జతలో ఎడమది కట్టేసింది. కట్టింది విప్పకూడదట. హెడ్మిస్ట్రెస్ గారు క్లాసుకి రావడానికి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ నేను స్నానాల గది హవాయి చెప్పులతో స్కూలుకెళ్ళాను. పందిరి కింద నిలబడి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాను.

"ఏవండీ... ఇన్ని పూలు విప్పి చూపిస్తున్నారు, ఒక్క కాయైనా ఇవ్వకపోతే ఏం బావుంటుంది చెప్పండి? కాస్త ఆలోచించండమ్మా."

"ఛీ నీ నోరు పడ!" అంది పిన్నిగారు నూతిగట్టు మీంచి. "తిట్టమంటే పేరంటానికి పిలుస్తావేంటే? అండీ ఏంటి, దాని మొహానికి! ఏవే అను!"

"ఏవే... అండీ."

బాబాయిగారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నోట్లోంచి చప్పుడు రావడం నేను వినడం అదే మొదటిసారి.

రోజుకొక తిట్టు నేర్పేదావిడ. ముందు తను అనేది, తర్వాత నేను అప్పజెప్పాలి, సంధ్యావందనం నేర్పినట్టు. "నీ పందిరి కూల." "నీ తీగ తెగ." "తాగిన నీళ్ళన్నీ ఏ గంగలో పోశావే?" నాలుగోనాటికి అండీ ఊడిపోయింది. ఆరోనాటికి గోడవతల పాలు పోసే ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడి, "ఇవాళ బావుందమ్మా, నిన్న అంత పస లేదు," అని మెచ్చుకుంది. ఆ గోడవతలే మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకత్తి ఉండేది, రెండు జడలు, ఎప్పుడూ ఏదో నములుతుండే నోరు. దాని తల గోడమీంచి కనబడినప్పుడల్లా నేను పువ్వులు లెక్కపెడుతున్నట్టు నటించేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం పిన్నిగారికి చెప్పలేదు. పొద్దున్న అన్నేసి మాటలన్నాక నాకు రోజంతా మనసు పీకేది. సాయంత్రం ఆవిడ గుడికెళ్ళగానే బియ్యం కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి పాదులో పోసి, ఆకు నిమిరి, "ఏమనుకోకండి, నా ఉద్యోగం కోసం అన్నాను. మీరు బంగారం. తీరిగ్గానే కాయండి," అని గుసగుసగా చెప్పొచ్చేదాన్ని. చీకటి పడకుండా చెప్పాలి, పడితే నిద్రపోతుందిగా.

ఆ రోజు రానే వచ్చింది. పిందె ఊసే లేదు. మొక్కలకి ప్రాణం ఉందని చూపిద్దామని ఒక కుండీలో అత్తిపత్తి మొక్క పట్టుకెళ్ళాను. నేను అటెండెన్సు వేసేలోపు నలభైమందీ ముట్టుకోవడంతో ఆకులన్నీ ముడుచుకుని, స్నానం చేయించిన పిల్లిలా అయిపోయింది. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. "చూడండి, ముట్టుకుంటే ముడుచుకుంటుంది," అని నేను ముట్టుకుంటే అది ఇంక ముడుచుకోడానికేం మిగల్లేదు.

"ఎండిపోయిన మొక్క తెచ్చారేంటమ్మా?" అన్నారావిడ.

రెండుజడల పిల్ల లేచింది. "ఎండలేదండీ, సిగ్గుపడిందండీ. మరి మొక్కలకి తెలివి ఉంటుందా టీచర్?"

"ప్రాణం ఉంటుందమ్మా. తెలివి... ఉండదు," అన్నాను, చాలా శాస్త్రీయంగా.

"మరైతే మీరు రోజూ పొద్దున్నే పొట్లపాదుని అలా తిడతారేంటండీ?"

ఇంకేముంది! క్లాసు క్లాసంతా బెంచీలు బాదుకుంటూ నవ్వు. "ఏం తిడతారే? చెప్పవే!" అని ఒకటే గోల. నేను "నెమ్మదండీ" అన్నాను, నాకే వినపడలేదు. వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్ గారు పెన్ను మూత తీశారు. ఆ మూత చూడగానే నాకు మా కొట్లో చాప కనిపించింది. అంతే, ఏమైందో తెలీదు, పది రోజుల విద్యా ఒక్కసారే బయటికొచ్చింది.

"ఏవే! నీళ్ళు పోస్తే తాగుతారు, పందిరేస్తే పాకుతారు, ఒక్క పిందైనా వేశారా మీ మొహాలకి? రేపీపాటికి కాయ కనబడలేదో, వేళ్ళతో సహా పీకి పేడకుప్పలో పారేస్తా, ఏమనుకుంటున్నారో!"

క్లాసు నిశ్శబ్దం. పక్క క్లాసులో లెక్కల మాస్టారు కూడా ఆగిపోయారు. ఆ క్లాసు పిల్లలు భయపడి లేచి నిలబడ్డారని తర్వాత తెలిసింది. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి, "ఇప్పుడు మీరు తిట్టింది ఎవర్నమ్మా?" అన్నారు.

"పొట్లపాదునండీ," అన్నాను, మళ్ళీ నా గొంతుతోనే.

బెల్లు కొట్టాక ఆఫీసు గదికి రమ్మన్నారు. పెట్టె సర్దుకోవడం గురించే ఆలోచిస్తూ వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "చెట్లకి తెలివేంటి, అంతా మూఢనమ్మకం," అన్నారు. "అవునండీ," అన్నాను. "ఉద్యోగానికేం ఢోకా లేదు, సెలవులయ్యాక వచ్చెయ్యండి," అన్నారు. నేను నమస్కారం పెట్టి వెళ్ళబోతుంటే, "అదికాదమ్మా... గన్నవరంలో మా ఇంట్లో నిమ్మచెట్టుంది. ఆరేళ్ళయింది, ఒక్క కాయ లేదు. నేను తిడదామంటే ప్రార్థన చేసే నోరాయె. ఆదివారం సాయంత్రం మీకు వీలవుతుందా?" అన్నారు.

ఇంటికొచ్చేసరికి వీధి మొగలోనే పిన్నిగారి గొంతు వినబడింది. "కాసిందే పంతులమ్మా! సిగ్గొచ్చిందే దానికి!" పందిరి కింద చిటికెనవేలంత పిందె, సరిగ్గా నా ఎడమ చెప్పు పక్కనే వేలాడుతోంది. ఆ వారంలో ఇంకో అయిదు. గులకరాళ్ళు చాలక ఆవిడ బాబాయిగారి తాళంచెవుల గుత్తి కూడా ఒక కాయకి కట్టింది.

ఆదివారం గన్నవరం వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారు గొడుగేసుకుని పక్కన నిలబడితే నిమ్మచెట్టుని నా విద్యంతా వాడి తిట్టాను. చుట్టుపక్కల వాళ్ళు గోడలెక్కి చూశారు. తిట్టడం అయ్యీ కాకముందే ఆఖరి బస్సు టైమైందంటే, ఒక్క ఆకైనా నిమరకుండా పరుగెత్తాను. ఆ నిమ్మచెట్టు మాత్రం ఎప్పటికీ కాయలేదు. "మీ తిట్లు మా చెట్టుకి ఎక్కలేదమ్మా," అనేవారావిడ రిటైరయ్యేదాకా. ఎక్కకపోవడానికి కారణం నాకు తెలుసేమో అని నాకు అనుమానం. కానీ ఎలా చెప్పను?

ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. క్లాసులో నేను కేకలేసిన పిల్లని సాయంత్రం బెల్లు కొట్టాక గుమ్మం దగ్గర ఆపి, తల నిమిరి పంపడం నాకు అలవాటైపోయింది. టీచర్లంతా నవ్వేవారు, ఆవిడకి కోపం నిలవదని. ఆ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళకేం తెలుసు. పొట్లపాదునే అడుగుదామనుకున్నాను గానీ, ఆ ఏడు సంక్రాంతికి ముందే అది ఎండిపోయింది. నువ్వు చదువుకుంటున్నదానివి, నువ్వే చెప్పు అమ్మడూ. అది విన్నది నా పొద్దుటి తిట్లనా, సాయంత్రం మాటలనా?