అతకని ఎనిమిది కొసలు

1982. తిరుపతి రైల్వే స్టేషను వెనక వీధిలో నాకొక ఫ్రిజ్ రిపేరు షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో చెడిపోయిన ఫ్రిజ్‌లు, వెనక గదిలో నేను. అప్పట్లో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళు నన్ను దొడ్డిదారిన రమ్మనేవాళ్ళు. పని చేస్తున్నంతసేపు పలకరించేవాళ్ళు ఉండరు. అందుకని నేనే ఒక కథ మొదలుపెట్టేవాణ్ణి. కాళహస్తిలో ఒక షావుకారి ఫ్రిజ్‌లో చలి ఎంత ఎక్కువైందంటే లోపలి బల్బు వెలుతురు గడ్డకట్టిపోయి, తలుపు తీయగానే పెళ్ళున కింద పడి పగిలిందని చెప్పేవాణ్ణి. ఆ మాటతో వంటింట్లో నుంచి ఇల్లాలు వచ్చేది, ఆమె వెనకే కాఫీ వచ్చేది.

నన్నెరిగినవాళ్ళు నా మాటల్లో సగం కొట్టేసుకోమంటారు. అది వాళ్ళ ఇష్టం. ఇప్పుడు చెప్పే సంగతిలో మాత్రం కొట్టేసుకోవడానికి ఏమీ దొరకదు, వెతికి చూసుకోండి.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక పెద్దామె కుంటుకుంటూ షాపులోకి వచ్చింది. చేతిలో చుట్టిన డ్రాయింగు కాగితం ఉంది. చంద్రగిరిలో ఉంటుందట, పేరు ఎస్తేరమ్మ. ఆడపిల్లల స్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు.

"మునిరత్నమంటే నువ్వేనా? అబద్ధాలు బాగా చెప్తావంటనే?"

"అది గూడా ఎవురో సెప్పిన అబద్ధమే టీచరమ్మా."

ఆమె నవ్వలేదు. కాగితం విప్పి నా బల్ల మీద పరిచింది. కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్‌కు వెళ్ళి, అక్కడ పెట్టిన ఒక సోలార్ వాటర్ హీటర్‌ను చూసి గీసుకొచ్చింది. ఎండతో నీళ్ళు కాచే పెట్టె అది. ఇండియన్ ఇంకుతో గీసిన ఆ బొమ్మలో మేకు తలలతో సహా అన్నీ ఉన్నాయి.

"దీంట్లో కల్పన ఒక్క గీత గూడా లేదు. రాగి గొట్టాల పని నీకు తెలుసునంట, ఆడ లెక్చరర్ చెప్పినాడు. కట్టగలవా?"

"కరెంటు హీటరు కొనుక్కోకూడదా?"

"మా ఇంటికి కరెంటు రెండు బల్బులకే సరిపోదు." ఆమె చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగి కాలు చూపించింది. మడమ నుంచి వేళ్ళదాకా చర్మం ముడతలు పడి తెల్లగా ఉంది. "కాగిన హండా దించతా దించతా పోసుకున్నా. రాయవేలూరు నుంచి మా తమ్ముడు వచ్చి చూసి పొయినాడు. ఇంగొకసారి నిన్ను హండా కాడ చూసినానంటే సామాను కట్టించి మా ఇంటికి తీసకపోతానన్నాడు. వాడు మంచోడేనప్పా. కానీ వాళ్ళింట్లో నేనుండేది హాల్లో మూల మంచం. ఈడ నాకు కిటికీ ఉండాది, కిటికీలో కోట ఉండాది. టాపు తిప్పితే వేన్నీళ్ళొస్తే ఈడుంటా. లేదంటే పోవాల."

చేస్తానన్నాను.

ఇందులో కీలకం హీట్ పైపు. పేరు పెద్దదే గానీ సంగతి తేలిక. అయిదడుగుల రాగి గొట్టం తీసుకొని ఒక కొస మూసేస్తాం. లోపల రెండు చెంచాల నీళ్ళు పోస్తాం. మామూలు నీళ్ళు కాదు, కారు బ్యాటరీకి పోసే శుద్ధమైన నీళ్ళు. మూసిన కొస కింద మంట పెడితే నీళ్ళు ఉడికి, ఆవిరి లోపలి గాలినంతా బయటికి తోసేస్తుంది. ఆవిరి తోసుకొస్తుండగానే రెండో కొసను పటకారుతో చదునుగా పిండేయాలి. అప్పుడిక లోపల గాలి ఉండదు, కాసిన్ని నీళ్ళు మాత్రమే మిగులుతాయి. గాలి లేనిచోట నీళ్ళు కొద్దిపాటి వేడికే ఆవిరవుతాయి. ఆ గొట్టాన్ని తిప్పి, పిండిన కొస కిందికి వచ్చేలా ఏటవాలుగా ఎండలో పెడితే, కింద పుట్టిన ఆవిరి పైకొసకు పరుగెత్తి అక్కడ వేడి దిగవిడిచి, మళ్ళీ నీళ్ళై కిందికి జారుతుంది. పైకొస నీళ్ళ డ్రమ్ములో గుచ్చి ఉంటుంది కాబట్టి ఆ వేడి డ్రమ్ములో నీళ్ళకు అందుతుంది.

మొదటి గొట్టం ఆమె ఎదురుగానే చేశాను. పిండిన కొసను బ్రేజింగ్ కూడా చేశాను. అంటే గ్యాసు మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి అతికేయడం. చదునైన కొస మీద బంగారు పూసలాగా మెరిసే బొట్టు ఒకటి నిలిచింది. పై కొస ఆమెను పట్టుకోమని, కింది కొస కాగే నీళ్ళలో ముంచాను. ఆమె మూడు లెక్కపెట్టేలోపే "అమ్మో!" అని వదిలేసింది.

"అయిదడుగులు ఇంత బిరీన ఎట్ల ఎక్కిందప్పా వేడి?"

"మా తాత దీంట్లో ఒక దెయ్యాన్ని పెట్టి మూసే ఇద్దె నేర్పించినాడు టీచరమ్మా. కాలు కాలితే పైకి ఉరుకుతాది."

అప్పుడు నవ్వింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

వారంలో తొమ్మిది గొట్టాలు తయారయ్యాయి. నల్లరంగు వేసిన రేకుకు వాటిని బిగించి, పైన అద్దం, కింద వేరుశనగ పొట్టు దట్టించి, ఆమె మిద్దె మీద పెట్టె నిలబెట్టాను. డ్రమ్ముకు కూడా గోనెసంచుల్లో వేరుశనగ పొట్టు నింపి చుట్టాను. గొట్టాల కింది కొసలు పెట్టె అంచు కింద వరసగా బయటికి కనిపించేవి. నాలుగో రోజు పొద్దున ఆమె టాపు తిప్పి, బకెట్లో చెయ్యి పెట్టి, నీళ్ళు నిండి పొర్లేదాకా తీయలేదు.

ఇక్కడ మా వృత్తిలో ఒక అలవాటు గురించి చెప్పాలి. ఫ్రిజ్‌లో గ్యాసు నింపాక గొట్టం కొస పిండి వదిలేస్తాం. వారం తర్వాత వచ్చి సబ్బునురగ పూసి చూస్తాం. బుడగ లేస్తే గ్యాసు పోతున్నట్టు. లేవకపోతే అప్పుడు అతికేస్తాం. ముందే అతికితే మళ్ళీ తెరవాలంటే కోయాలి కదా. ఆ లెక్కనే మొదటిది తప్ప మిగిలిన ఎనిమిది కొసలను పిండి వదిలాను. వచ్చే గురువారం వచ్చి అతుకుతానన్నాను.

గురువారం వెళ్ళాను. నీళ్ళు బాగా కాగుతున్నాయి. మంట వెలిగించబోతుంటే ఆమె కాఫీ తెచ్చి, "ఏదో షావుకారి ఫ్రిజ్‌లో వెలుతురు పగిలిందంటనే, ఆ కత చెప్పు" అంది. చెప్పాను. పగిలిన వెలుతురు ముక్కలు ఏ రంగులో ఉన్నాయని అడిగింది. నా కథలకు అప్పటిదాకా ఎవరూ ప్రశ్నలు వేయలేదు. ఆలోచించి చెప్పేసరికి బస్సు టైమైంది. సామాను సర్దుకొని, "వచ్చే వారం అతుకుతా టీచరమ్మా" అన్నాను.

"అట్లనే కానీ" అంది.

వచ్చే వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. ఆమె కిటికీ దగ్గర కూర్చొని కోట గీసుకుంటూ వినేది. పులికాట్‌లో ఐసు పెట్టెలో వేసిన రొయ్యలు దుప్పటి అడిగిన కథ ఆమెకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి, "పోయినసారి ఆ రొయ్యలు అరవంలో అడిగినాయే, ఈసారి తెలుగులో అడిగినాయేమి?" అని పట్టేసింది. నేను పుట్టి నలభై ఏళ్ళయినా, నేను పోయినసారి ఏమన్నానో గుర్తుపెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. బుధవారం సాయంత్రం నుంచే రేపు ఏ కథ చెప్పాలా అని అల్లుకునేవాణ్ణి. ఎనిమిది కొసలూ అతికేస్తే గురువారానికి ఏమని వెళ్ళాలి?

ఏప్రిల్ నుంచి ఒక్కొక్క గొట్టం చల్లబడసాగింది. సబ్బునురగ పూసి చూశాను. బుడగ రాలేదు. "లీకు లేదు" అని ఆమెకు చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. ఫ్రిజ్ గొట్టంలో ఒత్తిడి లోపల ఉంటుంది, గ్యాసు బయటికి వస్తుంది, బుడగ లేస్తుంది. ఈ గొట్టంలో లోపల ఏమీ లేదు. లీకుంటే బయటి గాలే సన్నగా లోపలికి చొరబడుతుంది, దానికి బుడగ రాదు. చొరబడిన గాలి పోయి పైకొసలోనే కూర్చుంటుంది, సరిగ్గా వేడి దిగాల్సిన చోట. ఇది నాకు రెండో వారానికే అర్థమైంది. అయినా చల్లబడిన గొట్టాన్ని ఊడదీసి, కొస అర అంగుళం కోసి, మళ్ళీ నీళ్ళు ఉడికించి, మళ్ళీ పిండి పెట్టేవాణ్ణి. అతికేవాణ్ణి కాదు.

"గొట్టాలు పొట్టివైపోతుండాయే" అనేది ఆమె.

"ఎండకు అరుగుతాయి టీచరమ్మా, మన చంద్రగిరి ఎండ అట్లాంటిది."

ఎండ బాగా ఉన్నప్పుడు తొమ్మిదింటిలో అయిదు పనిచేసినా చాలు, నీళ్ళు కాగుతాయి. అందుకే నాకు భయం వేయలేదు. నవంబరులో పులికాట్ ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ చెడిపోయిందని కబురొచ్చింది. నాలుగు రోజుల పనే అనుకొని వెళ్ళాను. అయిదు వారాలు పట్టింది. వాయుగుండం మీద వాయుగుండం వచ్చి మబ్బు విడవలేదు. ఆ మబ్బు చంద్రగిరి మీద కూడా ఉంటుందని నాకు తెలుసు. ఆ సరస్సు ఒడ్డున పడవల మీద కూర్చొని చలికి వణుకుతూ, గురువారం వచ్చినప్పుడల్లా ఆ కొసల్ని లెక్కపెట్టుకునేవాణ్ణి.

క్రిస్మస్‌కు ముందు గురువారం చంద్రగిరిలో బస్సు దిగాను. ఆమె ఇంటి ముందు వ్యాను నిలబడి ఉంది. తమ్ముడు దావీదు మంచం కోళ్ళు విప్పుతున్నాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి.

"నువ్వేనా అప్పా ఈ మిషను కట్టినోడు? నిన్న నేనొచ్చేసరికి మాయక్క నేల మీద కూసోని, కాగిన హండాను జరుపుకుంటా జరుపుకుంటా స్నానాల గదిలోకి తీసకపోతాండాది. టాపు తిప్పితే ఐసునీళ్ళు. ఇంగేం చెయ్యమంటావు సెప్పు."

మిద్దె ఎక్కాను. గొట్టాలను ఒక్కొక్కటే ఊడదీసి పట్టుకొని చూశాను. ఆరు చచ్చిపోయాయి. పూస ఉన్నది మాత్రం ఆ మబ్బుటెండలోనే పైకొసలో వెచ్చగా ఉంది.

కిందికి దిగేసరికి ఆమె ఖాళీ గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె దగ్గర అంతవరకూ ఒక్క నిజం కూడా చెప్పనివాణ్ణి, అప్పుడు చెప్పాను. కొసలు కావాలనే అతకలేదన్నాను. అతికేస్తే మళ్ళీ రావడానికి పని ఉండదని వదిలేశానన్నాను.

ఆమె కోటవైపే చూస్తూ ఉంది.

"తెలుసప్పా."

చేత్తో మిద్దెవైపు చూపించింది.

"ముప్పై ఏండ్లు పిల్లోళ్ళ బొమ్మలు దిద్దినదాన్ని. గీత యాడ కలపకుండా వదిలేసినారో నా కంటికి కనపడదా? తొమ్మిదిట్లో ఒగదానికే పూస ఉండాది. అదొక్కటే ఎప్పుడూ చెడలేదు. మొదటి నెలలోనే చూసినా."

"మరి అడగలేదే టీచరమ్మా?"

"అడిగితే అతికేస్తావు గదప్పా."

బయట తమ్ముడు హారన్ కొట్టించాడు. ఆమె డ్రాయింగు బోర్డు చంకలో పెట్టుకొని, కుంటుతూ గడప దాటి, వెనక్కి తిరిగింది. "ఆ మిషను నువ్వే తీసకపో. రాయవేలూరులో వాళ్ళకు గీజరుండాది."

ఈ కేసు నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెబుతాను. ఆ రోజు నుంచి ఏ గొట్టం పిండినా అప్పటికప్పుడు అతికి గాని లేవను. సబ్బునురగ మీద ఆధారపడను. ఇది పని సంగతి. రెండోది పనికి సంబంధించింది కాదు. పని లేకుండా కూడా గురువారం బస్సెక్కి, చంద్రగిరిలో దిగి, ఆ తలుపు తట్టి ఉండొచ్చు. ఊరికే వచ్చాను టీచరమ్మా అంటే ఆమె కాఫీ పెట్టేదే. ఎన్నో కథలు అల్లినవాణ్ణి, ఈ ఒక్క మాట నాకు తోచలేదు. ఆమెకూ తోచలేదు.

ఆ పెట్టె ఇప్పుడు నా షాపు మిద్దె మీద ఉంది. తెచ్చిన రోజే ఆ ఎనిమిది గొట్టాలనూ మళ్ళీ ఉడికించి, పిండి, కొసలు అతికేశాను. ఏడేళ్ళయింది, ఒక్క గొట్టమూ చెడలేదు. మబ్బు పట్టిన రోజున కూడా నాలుగు బకెట్ల వేన్నీళ్ళు వస్తాయి. ఒకటి నేను పోసుకుంటాను. మిగిలిన మూడూ డ్రమ్ములోనే చల్లారతాయి.