ఎల్లారెడ్డి నల్లబండలో దాగిన ఉత్తర దిక్కు

రాళ్ళ మీద పరిశోధన చేసే నా స్నేహితురాలు లలిత ఫోన్ చేసి, "నేను డ్రిల్లు పట్టుకుంటే అది వేడెక్కకుండా పక్కన నీళ్ళు కొట్టే మనిషి కావాలి, వస్తావా?" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం. పొద్దున్నే కామారెడ్డిలో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ఎల్లారెడ్డి బస్సెక్కాం. గంటకు పైగా పట్టింది. అక్కడి నుంచి పొలాల్లోకి బస్సులుండవు కాబట్టి పూటకింత అని ఆటో మాట్లాడుకున్నాం.

ఎర్రటి బండల మధ్య నల్లరాతి కట్ట ఒకటి గోడలా సాగిపోతోంది. వందల కోట్ల ఏళ్ళ కిందట నేల చీలికలోకి ఎగదన్నిన రాతి ద్రవం అది. చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి భూ అయస్కాంత దిక్కును పట్టుకుని అలాగే ఉండిపోయాయట. కట్ట మీద దిక్సూచి పెట్టగానే ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. "దొరికింది!" అని అరిచాను.

లలిత తల అడ్డంగా ఊపింది. "ఇది పిడుగు పని. పిడుగు పడ్డచోట పాత గుర్తు చెరిగిపోతుంది. లోపలి రాయి కావాలి."

ఆ లోపలి రాయి పక్క పొలంలో, ఆ కట్టనే తొలిచి తవ్విన బావి గోడలో కనిపించింది. యాసంగి నాట్ల కాలం. నారు పీకుతున్న అవ్వ, ఆ బావి ఆమెదే, డ్రిల్లు చూడగానే వచ్చి అడ్డం నిలబడింది.

"పక్క చేన్ల బండ పేల్చిండ్రు, మా నీళ్ళు సగం పోయినయి. మళ్ల మీరేంది? ఉన్నయి గూడ పోతే నాటెట్ల వేస్తం?"

లలిత వాదించలేదు. డ్రిల్లు కింద పెట్టి, ఇంతకుముందు వేరేచోట తీసిన వేలంత రాతి ముక్కను అవ్వ చేతిలో పెట్టింది. "ఇంతే తీస్త అవ్వా, నీళ్ళకు చాలా పైన. వద్దంటే పోతం."

"గిది ఏం జెప్తది?"

"ఈ బండ పుట్టినప్పుడు ఉత్తరం ఎటుండెనో చెప్తది."

"దిక్కులు గూడ మారుతయా?"

"మారుతయి. నేల జరుగుతది. ఉత్తరం దక్షిణమైన కాలాలు గూడ ఉన్నయి."

అవ్వ ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "గా పై మెట్టుకాడ తీయి. బండ పలిగితే మాత్రం ఊకోను."

బండ పగల్లేదు. నేను నీళ్ళు కొడుతుంటే లలిత మెల్లగా ముక్క తీసింది. తీసిన ముక్క దగ్గర దిక్సూచి పెడితే ముల్లు కదలనే లేదు. నేను నీరసపడ్డాను. లలిత మాత్రం మురిసిపోయింది. "అసలు గుర్తు ఇంత సన్నగానే ఉంటుంది. ల్యాబులో యంత్రానికే అందుతుంది."

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. ఆ రాయి చూపిన దిక్కు దాదాపు నిట్టనిలువుగా ఉంది. భూ అయస్కాంత దిక్కు అలా నిలువుగా ఉండేది ధ్రువాల దగ్గరే. అంటే రాయి గట్టిపడ్డప్పుడు ఈ నేల ధ్రువం దగ్గర ఉండేదన్నమాట! లలిత ముందు అవ్వకే ఫోన్ చేసిందట. "అయితే మా బాయి గంత దూరంకెల్లి వచ్చిందా!" అని అవ్వ నవ్విందట.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కదలదనుకుని మనం వరి నాటుకునే నేల, అంత దూరం నడిచి వచ్చి, పుట్టిన చోటును చెప్పే గుర్తును ఇంకా లోపల దాచుకునే ఉంది.

వెళ్ళాలనుకునేవారు ఎండాకాలం ఎంచుకోండి. నాట్ల హడావిడి ఉండదు, బావుల్లో నీళ్ళు దిగి రాతి గోడలు బాగా కనిపిస్తాయి.