మా అత్తయ్య చూసిన హాలోవీన్

ఆ అక్టోబరంతా నాకు నిద్ర చాలలేదు. ఎనభైల మొదట్లో మాట. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు అప్పటికి చాలా తక్కువ. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. తెల్లవారకముందే వెళ్ళి వార్డుల్లో పేషెంట్లకి రక్తం తీసి, ఆ తరవాత మధ్యాహ్నందాకా ల్యాబ్‌లో నిలబడే ఉద్యోగం. ఇంటికొచ్చి బూట్లు విప్పితే పాదాలు నావి కానట్టుండేవి. మా ఆయన కంపెనీ పనిమీద ఆ నెలంతా వేరే రాష్ట్రంలో ఉన్నారు. ఇంట్లో నేను, రెండో క్లాసు చదివే అమ్మాయి, కిండర్‌గార్టెన్‌కి వెళ్ళే అబ్బాయి, వేసవిలో ఇండియానుంచి వచ్చిన మా అత్తయ్య.

అత్తయ్య కృష్ణా జిల్లాలో ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మామయ్యగారు పోయాక తెల్లచీర తప్ప కట్టలేదు. పొద్దునా సాయంత్రం ప్రార్థన, మధ్యలో బైబిలు, మనవల పనులు. నేను లేని వేళల్లో పిల్లల్ని బస్సెక్కించి దించుకునేది ఆవిడే.

అక్టోబరు ఆఖరి రోజున దయ్యాల వేషాలవీ వేసే హాలోవీన్ పండగ మాట మొదట ఆవిడ చెవిన పడింది చర్చిలో. మా తెలుగు చర్చి అంటే ఒకరింటి బేస్‌మెంట్‌లో నెలకోసారి కూడే కొద్ది కుటుంబాలు. పిల్లల్ని ఆ పండక్కి దూరంగా ఉంచమని అక్కడ ఎవరో పెద్దాయన చెప్పారు. పిల్లల్ని ఆ రోజు పక్కింటమ్మాయికి అప్పగించి వెళ్ళాం. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి ముందువాకిట్లో మేపుల్ చెట్టుకి దయ్యాల్ని కట్టి పెట్టింది. నా తెల్ల దిండు గలీబుల్లో న్యూస్‌పేపరు కుక్కి, మెడ దగ్గర దారంతో బిగించి, మార్కర్‌తో కళ్ళు పెట్టింది.

అత్తయ్య కారు దిగి చూశారు. "ఇంటిముందు దయ్యాల్ని వేలాడగట్టుకుంటారా ఎవరైనా?"

"ఆట అత్తయ్యా. ఇక్కడ అందరూ కడతారు."

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చెట్టు బోసిగా ఉంది. గలీబులు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి నా మంచంమీద ఉన్నాయి. మార్కరు మరకలు మాత్రం పోలేదు. అమ్మాయి ఏడ్చి ఏడ్చి బాత్రూంలో తలుపేసుకుంది. ఎవరి పక్షం మాట్లాడాలో ఆలోచించే ఓపిక కూడా లేక నేను బియ్యం కడగడం మొదలుపెట్టాను.

స్కూల్లో హాలోవీన్ రోజు మధ్యాహ్నం వేషాల పెరేడ్ ఉంటుందని, కుదిరితే వేషాలు ఇంట్లోనే తయారుచేయమని టీచర్లు చెప్పారు. అమ్మాయి రోబో అవుతానంది. అది తేలిక. ల్యాబ్‌నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చాను. తలకి చిన్నది, ఒంటికి పెద్దది. చేతులకి కన్నాలు కోసి, పైన వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్టి, సీసా మూతలు బటన్లుగా అంటించాం. ఫాయిల్ ఎంత నున్నగా అతికించినా నలిగేది. "ఓల్డ్ రోబోలే" అని అమ్మాయే సర్దుకుంది.

అబ్బాయి మాత్రం ద్రాక్షగుత్తి అవుతానన్నాడు. వాళ్ళ క్లాసులో ఎవరి అన్నో కిందటేడు అయ్యాడట. ఒంటినిండా బెలూన్లు కట్టుకోవాలి. నేను సూపర్‌మ్యాన్ అవమన్నాను, పిల్లి అవమన్నాను, ఇంట్లో ఉన్న చారల టీషర్టు చూపించి దొంగ అవమన్నాను. "నో అమ్మా, గ్రేప్స్" అన్నాడు, ఎంతో శాంతంగా. మొండిగా ఏడ్చుంటే కసిరేసేదాన్ని.

షాపులో ఊదారంగు బెలూన్లు అయిపోయాయి. ఆకుపచ్చవి తెచ్చాను. పెరేడ్‌కి ముందురోజు సాయంత్రం వంటింటి నేలమీద కూర్చుని ఊదడం మొదలుపెట్టాను. చిన్నవి, రబ్బరు గట్టిది. కొన్ని ఊదేసరికే చెవుల వెనక నొప్పి, కళ్ళముందు మిణుగురులు. అమ్మాయి కొన్ని ఊదింది. అబ్బాయి వాటికి ఉమ్ము తప్ప గాలి పట్టించలేకపోయాడు. పాత ఆకుపచ్చ చొక్కాకి సేఫ్టీ పిన్నులతో గుచ్చబోతే మొదటిది టప్‌మంది. రెండోదీ అంతే. నేను పిన్నుల డబ్బా పక్కన పడేసి గోడకి ఆనుకున్నాను.

అంతదాకా డైనింగ్ టేబుల్ దగ్గర బైబిలు చదువుకుంటున్న అత్తయ్య కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఏమవుతాడట వీడు?"

"ద్రాక్షగుత్తి అత్తయ్యా."

"ద్రాక్షపళ్ళా? దయ్యం కాదుగా?"

"కాదు."

బైబిలు మూసేశారు. "ద్రాక్షతీగ మన బైబిలు వాక్యంలో ఉన్నదే" అని లేచొచ్చి, మోకాళ్ళమీద చేతులాన్చుకుంటూ నా పక్కన కూర్చున్నారు. "సూదీ దారం తే."

"సూది తగిలితే పగిలిపోతాయి కదా?"

"ముడికి ఇవతల తోక ఉందిగా. తోకకి కుడితే ఎందుకు పగులుతుంది, అమ్మాయ్?"

అలా ఒక్కొక్కటీ కుట్టారు. నేను ఊదాను, ఆవిడ కుట్టారు. అబ్బాయి ఆవిడ భుజంమీద గడ్డం ఆనించి చూస్తూ, "మామ్మా, గ్రీన్ గ్రేప్స్ ఆర్ ఆల్సో గ్రేప్స్, రైట్?" అన్నాడు.

"పచ్చవే ఇంకా తియ్యగా ఉంటాయిరా" అన్నారు ఆవిడ.

మర్నాడు హుషారులో పిల్లలూ నాతోపాటు చీకటితోనే లేచారు. చూస్తే బెలూన్లు కొంచెం వడిలాయి. "నౌ హీ ఈజ్ రెయిజిన్స్" అంది అక్కగారు, వాడు ఎండుద్రాక్ష అయిపోయాడని. అప్పటికే నాకు డ్యూటీ టైమైపోయింది. వాళ్ళ గొడవ వినకుండానే కారెక్కాను.

మధ్యాహ్నం సెలవడిగి, ఇంటికెళ్ళి వేషాలు కార్లో వేసుకుని స్కూలుకి వెళ్ళాను. కారిడార్‌లో అబ్బాయికి చొక్కా తొడిగాను. చేతులు రెండూ పక్కలకి చాపుకుని, ఎటూ తగలకుండా, గాజుబొమ్మలా నిలబడ్డాడు. వాడి మొహంలో అంత గర్వం నేనెప్పుడూ చూడలేదు. పెరేడ్‌లో గ్రౌండ్ చుట్టూ ఒక చుట్టు బాగానే తిరిగాడు. అమ్మాయి రోబోలా నడుస్తూ నాకు చెయ్యూపింది. తల్లులందరూ నిలబడి ఫొటోలు తీస్తున్నారు. నేను కెమెరా పట్టుకుని, కూర్చోవడానికి ఎక్కడైనా చోటుందా అని చూస్తున్నాను.

అంతలో వాడి క్లాసు పిల్లొకతె ముచ్చటపడి వాడిని గట్టిగా కౌగిలించుకుంది. ముందువైపువన్నీ ఒక్కసారిగా పేలాయి. ఆ చప్పుడు మిగతా పిల్లలకి నచ్చింది. టీచరు పరిగెత్తుకొచ్చేలోపు వాడి వీపుమీదవి కూడా పోయాయి. అబ్బాయి చేతులు ఇంకా అలాగే చాపుకుని ఉన్నాడు. చొక్కానిండా ఆకుపచ్చ రబ్బరు పీలికలు వేలాడుతున్నాయి.

కార్లో వాడు ఏడవలేదు. "అయామ్ నాట్ గ్రేప్స్ ఎనీమోర్" అన్నాడు, అంతే. సాయంత్రం ట్రిక్-ఆర్-ట్రీట్ అంటూ ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడగడానికి కూడా రానన్నాడు. మళ్ళీ ఊదుతానని నేను అనలేదు. అనాలని తెలుసు.

ఇంట్లో అత్తయ్య వాడి చొక్కా చూశారు. వాడు సోఫామీద ముడుచుకుని పడుకోవడం చూశారు. లోపలికెళ్ళి, ఇస్త్రీ చేసిన గలీబుల్లోంచి ఒకటి పట్టుకొచ్చారు. పక్కల కుట్టు కొంచెం విప్పి, కత్తెరతో రెండు కళ్ళు కోసి, వాడి తలమీంచి వేశారు. నడుందాకా వచ్చింది. కింద పాత దుప్పటి ముక్క చుట్టారు.

"అత్తయ్యా, దయ్యం కదా ఇది" అన్నాను నేను.

"పిల్లాడమ్మా వీడు" అన్నారు. "తీసుకెళ్ళు, చీకటిపడుతోంది."

సన్నటి జల్లు మొదలైంది. కోట్లు వేసుకోక తప్పలేదు. కోటు లోపల రోబో, కోటు లోపల దయ్యం. రోబో తలకి చుట్టిన ఫాయిల్ తడిసి అట్ట మెత్తబడింది. రెండు వీధులు తిరిగాం. ప్రతి ఇంటి మెట్లకింద నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అబ్బాయి మొదట్లో నా చెయ్యి వదల్లేదుగానీ తరవాత అక్కకంటే ముందు పరిగెత్తాడు.

ఇంటికి వచ్చినవాళ్ళకి చాక్లెట్లు పెట్టమని అత్తయ్యకి చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు పెద్దపిల్లలు కొందరున్నారు. తలుపు దగ్గర వెనకనుంచి లైటు పడుతూ అత్తయ్య, తెల్లచీర, తలమీదకి లాక్కున్న కొంగు, చేతిలో గిన్నె.

"గ్రేట్ కాస్ట్యూమ్, లేడీ!" అన్నాడు వాళ్ళలో ఒకడు, మనస్ఫూర్తిగా.

ఆవిడకి ఇంగ్లీషు రాదనుకోవడానికి లేదు. అత్తయ్య తన స్కూలు ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడివిడిగా, "థాంక్యూ, చైల్డ్. టేక్ వన్ మోర్" అన్నారు.

లోపలికొచ్చాక పిల్లలు సంచులు నేలమీద బోర్లించారు. నేను కోటైనా విప్పకుండా, "వాళ్ళకి తెలీదత్తయ్యా, మీ చీర చూసి దయ్యం వేషమనుకున్నారు. ఏమీ అనుకోకండి. స్వెటరు తెస్తాను, పైన వేసుకోండి" అన్నాను.

"సాయంత్రంనుంచీ వచ్చినవాళ్ళంతా అదే అంటున్నారు" అన్నారు.

"నేను కూర్చుంటాను తలుపు దగ్గర. మీరు లోపలికెళ్ళండి."

"ఎందుకూ?" ఆవిడ గిన్నెలో చాక్లెట్లు సర్దుతున్నారు. "వేసవినుంచీ ఈ వీధిలో నడుస్తున్నాను అమ్మాయ్. ఎదురొచ్చినవాళ్ళు చూసీ చూడనట్టు పోతారు. ఇవాళ ఒక్కొక్కరూ ఆగి, మొహంలోకి చూసి, బాగున్నావు అని పోతున్నారు. నువ్వెళ్ళి పడుకో. మొహం పీక్కుపోయింది."

సోఫాలో వాలాను. బూట్లు విప్పుకున్నానో లేదో గుర్తులేదు. బెల్లు మోగడం, ఆవిడ లేవడం, తలుపు తీయడం, పిల్లల కేకలు, అన్నీ నిద్రలోంచే వినిపించాయి.

చలికాలం వెళ్ళకముందే అత్తయ్య తిరిగి వెళ్ళిపోయారు, ఇక్కడి చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని. మరుసటేడు నేను ఇక్కడ మందులషాపుల్లో కూడా దొరికే ప్లాస్టిక్ మాస్కుల వేషాలు రెండు కొన్నాను. పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళని వీధి తిప్పడానికి మా ఆయన వెళ్ళారు. వంటింటి నేలమీద అట్టముక్కలూ, రబ్బరూ, దారాలూ ఏమీ లేవు. ఊడ్చే పని కూడా లేదు. హాయిగా ఉందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.