పక్క గొంతులు పడ్డ రికార్డింగు

నేను ఉద్యోగం మానడానికి ముందు సంవత్సరం, మే నెలలో, మహారాష్ట్ర బొగ్గుగనుల ఊరు చంద్రపూర్‌లోని మా స్టూడియోకు రజిత తొలి ఆల్బమ్ పని వచ్చింది. అప్పటికి నేను అక్కడ సీనియర్ సౌండ్ ఇంజినీరును. రజిత తండ్రి తెలంగాణ నుంచి బొగ్గుగనికి వచ్చిన కార్మికుడు. ఆమె పుట్టి పెరిగింది ఊరి నడుమ బస్తీలోనే. పాటలు తెలుగువి, బాణీ మాత్రం సోల్. అమెరికాలో నల్లవారి చర్చి పాటల నుంచి పుట్టి నగరపు పేటల్లో పెరిగిన సంగీతం అది. నీళ్ల ట్యాంకరు దగ్గర పోట్లాట, ఆరేసిన బట్టల మీద నల్లదుమ్ము, ఇన్నిటి మధ్యా నర్సింగు చదువుతున్న చెల్లెలు, ఇవీ ఆమె పాటలు.

మా పద్ధతి ఒక్కటే. గాయని అద్దాల గదిలో ఒంటరిగా నిలబడి, హెడ్‌ఫోన్లో తాళం వింటూ పాడాలి. ఒకరి మైకులో మరొకరి గొంతు పడితే దాన్ని లీకేజీ అంటాం. అది పడితే తర్వాత దిద్దడం కష్టం. చప్పుడు పడుతుందని కూలరు కూడా ఆపేస్తాం. మే నెల చంద్రపూర్‌లో కూలరు లేని గది ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు.

ఆ గదిలో రజిత కాలుగాలిన పిల్లిలా తిరిగేది. ప్రతి పంక్తి చివరా ఆగి తలుపు వైపు చూసేది, తర్వాతి మాట తొందరపడి అందుకునేది. నాకూ చిరాకు పుట్టి, సంగతేమిటని అడిగాను.

"ఎన్కనుంచి ఎవ్వరు అందుకోకపోతే పాట ముందుకు పోతలేదు కాకా," అంది.

బతుకమ్మ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. ఆమె పాట నేర్చింది అలాగే.

ఆ వారంలోనే ఆల్బమ్ తెస్తున్న కంపెనీ మేనేజరు నాగపూర్ నుంచి ఫోన్ చేశాడు. బాణీలు బాగున్నాయట, గొంతే మొరటుగా ఉందట. అప్పటికి మా దగ్గర ఉన్నవి, పాడేటప్పుడు వినడానికి కంప్యూటర్లో చేసుకున్న నమూనా వాయిద్యాలే. అసలు వాయిద్యాల ట్రాకులు, రజిత గొంతు పడకుండా, విడిగా పంపమన్నాడు. వాటి మీద పేరున్న గాయనితో హిందీలో పాడిస్తారట. ఒప్పందం ప్రకారం ఆ హక్కు వాళ్లదే.

రజితకు చెప్పక తప్పలేదు. ఆమె కుర్చీలో కూర్చోలేకపోయింది.

"నా బస్తీ సంగతి ఆమెకేం ఎరుక కాకా? ఎన్నడన్న ట్యాంకర్ కాడ బిందె పెట్టిందా?" అంది.

నాకు కడుపు మండింది. మర్నాడు వాళ్లమ్మనూ ఇరుగుపొరుగు వాళ్లనూ తీసుకురమ్మన్నాను. తల్లి మల్లమ్మ మరో ఇద్దరితో వచ్చింది. అద్దాల గదికి గొళ్లెం పెట్టి, ఆర్గన్, బేస్ గిటారు, డ్రమ్స్ వాయించేవాళ్లనూ, ఆడవాళ్లనూ, రజితనూ ఒకే హాల్లో నిలబెట్టాను. ఇలా చేస్తే రజిత గొంతు ప్రతి మైకులోనూ పడుతుంది. ఇక దాన్ని తీయలేరు. అది తెలిసే చేశాను. అయితే ఒక్కరు తప్పినా అందరూ మొదటినుంచీ పాడాలి. పైగా కంపెనీకి కోపమొస్తే ఆల్బమే ఆగిపోవచ్చు. ఆ మాట ముందే చెప్పాను. కానీయమంది రజిత.

"మేం తప్పితే ఖరాబైతదా సారూ?" అని మల్లమ్మ భయపడింది. అయితే అయింది, మళ్లీ పాడుదామన్నాను.

చాలాసార్లు ఖరాబైంది. ఒకసారి డ్రమ్స్ తాళం తప్పింది, ఒకసారి పొరుగామెకు నవ్వొచ్చింది. ఆఖరికి కుదిరింది. రజిత కాళ్లు అప్పుడూ ఒకచోట నిలవలేదు గానీ, వెనకనుంచి అందుకున్న ప్రతిసారీ గొంతు నిలిచింది.

మిగతా పాటలూ అలాగే చేసి పంపాం. మేనేజరు మండిపడ్డాడు. సాఫ్ట్‌వేర్‌తో గొంతు తీయించి చూస్తే వాయిద్యాలు చిరిగిన గుడ్డలా వచ్చాయట. ఇంత అనుభవం ఉండి ఇంత లీకేజీ ఏమిటని నిలదీశాడు. హాలు చిన్నదండీ అన్నాను. అదీ నిజమే. కొన్ని వారాలు కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రజిత రోజూ ఫోన్ చేసి అడిగేది. మొత్తం మళ్లీ రికార్డు చేయించే ఓపిక లేక, చివరికి ఆల్బమ్‌ను తెలుగులోనే, రజిత గొంతుతోనే విడుదల చేశారు.

ఒంటరిగా పాడిన గొంతును తీసేసి ఇంకొకటి పెట్టవచ్చు. అందరి మైకుల్లోనూ పడ్డ గొంతును తీయాలంటే పాటనే పారేయాలి. పనిలో కొత్తగా చేరినవాళ్లకు లీకేజీ తప్పని ఏళ్ల తరబడి నేర్పినవాణ్ని నేను. ఇప్పుడెవరైనా అడిగితే, అది ఎవరి లెక్కలో తప్పో ముందు కనుక్కోమని చెబుతాను.